ఇంట్లో ప్రేమగానే పెంచారు. అయినా వచ్చేశాను. నాకు ఆ హక్కు ఉందా?

అగ్రహారం అబ్బాయి:
మాది అంబాజీపేట దగ్గర చిన్న అగ్రహారం. నాన్నగారు వేదం ఘన దాకా చదివిన ఘనపాఠి, రోజూ అగ్నిహోత్రం చేసే నిత్యాగ్నిహోత్రి. నేను బడికి వెళ్లలేదు. ఉపనయనం అయిన దగ్గర నుంచి ఆయన దగ్గరే సంథ, అంటే విని వల్లించే వేదపాఠం. మా కృష్ణ యజుర్వేదంలో పన్నాలు, అంటే అధ్యాయాలు, సంహితలో 44, బ్రాహ్మణంలో 28, ఆరణ్యకంలో 10. మొత్తం 82 పన్నాలూ వచ్చు. వీధి పిల్లలతో ఆటలు, బయటి తిండి, టీవీ ఏవీ ఎరగను. ఆయన ఎప్పుడూ కొట్టలేదు, తిట్టలేదు. స్వరం తప్పితే ఆగిపోయేవారు. సరిచేసుకునే దాకా ఆ మౌనం భరించాలి.

మంత్రంలోని పదాలను ముందుకూ వెనక్కూ తిప్పి చెప్పే ఘన మొదలుపెట్టాక లెక్కల మీద ఇష్టం పుట్టింది. ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, ఒకటి రెండు మూడు. పదాలు ఇలా తిరగబడుతూ వస్తుంటే అర్థం కన్నా ఆ వరసే నన్ను పట్టుకునేది. ఇప్పుడు కాకినాడలో ఎరువుల కొట్టులో పద్దులు రాస్తున్నాను. సార్వత్రిక విద్యాపీఠంలో (ఓపెన్ స్కూలు) పది పూర్తయింది, ఇంటర్ చదువుతున్నాను. పిలక తీసేశాను. సంధ్యావందనం మానలేదు. నమ్మకంతో చేస్తున్నానో భయంతోనో చెప్పలేను. మెస్సులో ఏ కూర కావాలని అడిగినా, ఇది నా ఇష్టమా, నాన్నగారికి ఎదురు తిరగాలన్న పంతమా అని ఆలోచిస్తూ నిలబడిపోతాను.

ఆయన వెళ్లవద్దనలేదు. “వల్లె వేయకపోతే పోతుంది నాయనా” అన్నారు. ఇక నా తమ్ముడికి పదకొండేళ్లు. ఇద్దరం పక్కపక్కన కూర్చుని చెప్పుకునేవాళ్లం. ఇప్పుడు నా మీద పెట్టుకున్న ఆశ కూడా వాడి మీదే పడింది. మొన్న అమ్మ ఫోను తీసుకుని గుసగుసగా “అన్నయ్యా, నేనూ వస్తాను” అన్నాడు. హింస పడి వచ్చినవాళ్లకు చెప్పుకోవడానికి కారణం ఉంటుంది. నాకేముంది?

నరసాపురం నర్సు:
తమ్ముడూ, మాది వేరే మతం, కట్టడి మాత్రం ఇలాంటిదే. మా సంఘంలో పువ్వులు, గాజులు, సినిమాలు కూడదు. బయటివాళ్లతో స్నేహమూ కూడదు. నర్సింగులో చేరాక చెప్పులు కొనాలన్నా హాస్టలులో అందరినీ అడిగేదాన్ని. నా ఇష్టం మీద నాకే నమ్మకం లేదు.

నువ్వు రావడానికి వాళ్లు చెడ్డవాళ్లు కానక్కరలేదు. నాన్నగారిలో తప్పు వెతకకు. దొరకదు, దొరకనందుకు నిన్ను నువ్వే దోషిని చేసుకుంటావు. నేను చేసుకున్నాను. సందేహం తీరుతుందా అంటే, ఉద్యోగంతో తగ్గింది, పెళ్లి మాట రాగానే మళ్లీ లేచింది. ఇప్పటికీ ఇంటికి వెళ్లేటప్పుడు గాజులు తీసేస్తాను. మొదట్లో భయంతో తీసేదాన్ని, ఇప్పుడు అమ్మ కోసం తీస్తున్నాను. నీ సంధ్యావందనం ఏ రకమో ఇప్పుడే తేలకపోతే తేలకపోనీ.

కొత్తపేట పెద్దాయన:
బాబూ, మా అబ్బాయీ సంథ మధ్యలో ఆపి వెళ్లాడు. “పోతుంది” అన్న మాట శాపం కాదు. తండ్రికి ఉన్న ఆస్తి అదొక్కటే, అది కరిగిపోతుందన్న బెంగ. అనధ్యయనం, అంటే వేదం చెప్పుకోకూడని రోజు, కానప్పుడు తమ్ముడితో ఫోనులో ఒక పన్నం చెప్పుకో. అటు వాడికి తోడు, ఇటు నీకు ధారణ. మా వాడికి ఈ మాట చెప్పడానికి నాకు అభిమానం అడ్డొచ్చింది.

నరసాపురం నర్సు:
పెద్దవారు, నొచ్చుకోకండి. అతనికి ఇష్టమైతేనే చెప్పుకోవాలి. కొడుకుగా ఉండటానికి అదొక షరతు కాకూడదు.

రాజోలు టీచరు:
తమ్ముడి సంగతి చెబుతాను. పదకొండేళ్ల పిల్లవాణ్ణి అద్దె గదికి రప్పించకు. చట్టం పట్టుకుని వాదనకూ దిగకు. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వాళ్లకు హక్కు ఇచ్చింది గానీ, 2012 సవరణలో వేద పాఠశాలలను, మదరసాలను దాని పరిధి నుంచి తప్పించారు. ఇంట్లో చెప్పే చదువు ఎటు వస్తుందో తేలేలోగా మీ ఇంట్లో మాటలు నిలిచిపోతాయి. నువ్వు వెళ్లిన దారే వాడికీ ఉంది. 14 నిండితే సార్వత్రిక పదికి కట్టవచ్చు, సంథ ఆపనక్కరలేదు. ఈలోగా లెక్కలు నువ్వే నేర్పు. ఘన వరసతోనే మొదలుపెట్టు, వాడికి ఇట్టే పట్టుబడుతుంది. పుట్టిన తేదీ ధ్రువపత్రం ఉందా?

అగ్రహారం అబ్బాయి:
లేదండీ. వాడు ఇంట్లోనే పుట్టాడు. జాతకం మాత్రం ఉంది.

రాజోలు టీచరు:
ఏడాది దాటిన జననం నమోదు కావాలంటే ఆర్డీవో ఉత్తర్వు తెచ్చుకోవాలి. తల్లిదండ్రుల ప్రమాణపత్రం అడుగుతారు. ఇప్పుడే మొదలుపెట్టు.

అగ్రహారం అబ్బాయి:
అంటే నాన్నగారి సంతకం కావాలి. ఆదివారం వెళ్తున్నాను. అది దేనికో దాచకుండా, తమ్ముడి ఎదుటే చెబుతాను. పెద్దాయన గారూ, మీ అబ్బాయికి ఆ మాట ఇప్పుడైనా చెప్పండి.