పొన్నగంటి కూర: ‘పోయిన కంటి’ నుంచే వచ్చిందా?

పొన్నగంటి ఆకుతో కోడిగుడ్డు పొరటు చేస్తుంటే మా అత్తయ్యగారు, “పోయిన కంటిచూపుని తెచ్చే కూర, అందుకే పొన్నగంటి” అన్నారు. చాలామంది చెప్పే మాటే. వ్యుత్పత్తిగా ఇది నిలుస్తుందా? తెలిసినవాళ్ళు చెప్పగలరు.

*

నిలవదనే నా అభిప్రాయమండీ. పక్క భాషలు చూడండి. తమిళంలో ఇదే ఆకు పొన్నాంగణ్ణి, కన్నడంలో హొనగొన్నె సొప్పు. మన పాలు కన్నడంలో హాలు, పులి హులి అయినట్టే పొన్ను హొన్ను అవుతుంది. హొన్ను అంటే బంగారం. కాబట్టి మొదటి సగం మూడు భాషల్లోనూ ‘పొన్ను’ అనే అనుకోవాలి. ‘పోయిన’ నుంచి వచ్చి ఉంటే కన్నడంలో హొన్ను రూపం ఎందుకుంటుంది?

కన్ను మాత్రం పేరులో నిజంగానే ఉన్నట్టుంది. సంస్కృతంలో దీన్ని మత్స్యాక్షి అంటారు, అంటే చేపకన్ను. కణుపు కణుపుకీ ఆకు మొదట్లో తెల్లటి చిన్న పూగుత్తులు అంటుకుని ఉంటాయి. వాటిని దగ్గరగా చూస్తే ఆ పోలిక ఎలా తట్టిందో తెలుస్తుంది.

అలాగని అత్తయ్యగారి మాట కొట్టిపారేయకండి. విటమిన్ ఎ తక్కువైతే రేచీకటి వస్తుంది. ఆకుకూరల్లోని కెరోటిన్‌నే ఒంట్లో విటమిన్ ఎగా మార్చుకుంటాం. ఆ కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కాస్త కొవ్వు ఉండాలి, అది గుడ్డు పచ్చసొనలో ఉంది. వ్యుత్పత్తి తప్పైనా పొరటు సరైనదే!

*

పొరటు సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ముదురు కాడ పీచుగా ఉంటుంది, ఆకులూ లేత చివుళ్ళూ మాత్రమే గిల్లుకోండి. జీలకర్ర, వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఉల్లిపాయ వేగాక ఆకు వేసి, మూత పెట్టకుండా నీరంతా ఇగరనివ్వాలి. ఉప్పు అప్పుడే వేయాలి. గిన్నెడు ఆకు గుప్పెడవుతుంది, ముందే వేస్తే ఉప్పు ఎక్కువైపోతుంది. తర్వాత గుడ్లు కొట్టి పోసి, వెంటనే గరిటె పెట్టకుండా అడుగు కాస్త గట్టిపడ్డాక తిరగేస్తే ముక్కలు ముక్కలుగా వస్తుంది. తడి ఉండగా గుడ్డు పోస్తే ముద్దైపోతుంది.

*

మా వైపు పొలం గట్ల మీదా, పంట కాలవల పక్కనా దానంతటదే మొలుస్తుంది, కొనే పనే లేదు. కానీ మురుగు కాలవ పక్కన ఎంత ఏపుగా పెరిగినా కోయకండి. గట్టు మీద కలుపుమందు కొట్టారేమో రైతుని అడిగాకే చెయ్యి పెట్టండి.