మట్టల ఆదివారం "హోసన్నా": జయమా, మొరా?

ప్రశ్న: మట్టల ఆదివారం పాటల్లో "హోసన్నా" అంటాం. మన బైబిల్లో అదే చోట "జయము" అని ఉంది. రెండూ ఒకటేనా?

జవాబు: పుట్టుకలో ఒకటి కాదండీ. హోసన్నాకు మూలమైన హీబ్రూ మాట "హోషీఆ నా" అంటే "దయచేసి రక్షించు" అని మొర. 118వ కీర్తన 25వ వచనంలో ఉన్నది ఇదే. మన పాత అనువాదం అక్కడ "యెహోవా, దయచేసి నన్ను రక్షించుము" అని మొరగానే చెప్పింది. యేసు గాడిదపిల్ల మీద యెరూషలేములోకి వచ్చినప్పుడు జనం వేసిన కేక దగ్గరికి, అంటే మత్తయి 21:9కి వచ్చేసరికి "దావీదు కుమారునికి జయము" అంది. దాన్ని తప్పనలేం. యూదుల పర్ణశాలల పండుగలో కొమ్మలు ఊపుతూ ఈ కీర్తన పాడీ పాడీ, యేసు కాలానికే ఆ మొర జేజేలాగా మారింది. "దావీదు కుమారునికి రక్షించు" అంటే వాక్యమూ కుదరదు. గ్రీకులో రాసిన మత్తయి, మార్కు, యోహాను ఆ హీబ్రూ మాటను అలాగే ఉంచేశారు. లూకా అసలు వాడనేలేదు.

అయినా ఆ మొర మన చెవిన పడకుండా పోకూడదని నా గట్టి అభిప్రాయం. ఆ రోజు దారి పొడవునా కేకలు వేసినవాళ్లు రోమా ఏలుబడిలో నలిగినవాళ్లు. ఐగుప్తు బానిసత్వం నుంచి విడుదలను తలుచుకునే పస్కా పండుగ దగ్గర పడింది, వాళ్లకూ విడుదల కావాలి. వాళ్ల ముందుకు గాడిదపిల్ల మీద వచ్చినవాడి పేరు కూడా "రక్షించు" అనే ధాతువు నుంచి పుట్టిందే.

మన సంఘాల్లో కష్టానికి ఉపవాస ప్రార్థన, గట్టెక్కాక కృతజ్ఞత కూడిక. రెండూ మంచివే, కానీ మధ్యలో గోడ కట్టేసుకున్నాం. ఇంట్లో మనిషిని ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్లారు, బయట బెంచీ మీద టెన్షన్‌తో కూర్చున్నాం, ఫలితం తెలియదు. అప్పుడు స్తుతి నోటికి రాదు, వచ్చేది మొరే. ఆ మొరలోనే "నువ్వు రాజువి, వింటావు" అన్న స్తుతి కూడా ఉందని హోసన్నా చెబుతుంది. గట్టెక్కేదాకా స్తుతిని వాయిదా వేయక్కర్లేదు. సంతోషంగా ఉన్న రోజున "రక్షించు" అనడం మానక్కర్లేదు.

వ్యాఖ్య: మరి ఇది పిల్లలకు ఎలా చెప్పాలి? వాళ్లకు మట్టలు ఊపడమే పండుగ కదా.

జవాబు: ఊపనివ్వండి, ఆ పండుగలో పిల్లలు ఎప్పటినుంచో ఉన్నారు. 4వ శతాబ్దం చివర్లో యెరూషలేము వెళ్లిన ఎగీరియా అనే యాత్రికురాలు, ఒలీవల కొండ నుంచి దిగే ఊరేగింపులో నడవలేని పసివాళ్లను పెద్దవాళ్లు ఎత్తుకుని వచ్చారని, వాళ్లందరి చేతుల్లోనూ ఖర్జూర, ఒలీవ కొమ్మలు ఉన్నాయని రాసింది. సండే స్కూల్లో మట్టలు పంచేముందు 118వ కీర్తన 25, 26 వచనాలు విడదీయకుండా కలిపి చదివించండి. మొదటిది "దయచేసి నన్ను రక్షించుము". దాని వెంటనే "యెహోవా పేరట వచ్చువాడు ఆశీర్వాద మొందును గాక".