పాత టేపును కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే మాట వెనకబడుతోంది, ఎలా ఆపాలి?

చిన్నప్పుడు చూసిన టీవీ సీరియల్ ఎపిసోడ్లు వీహెచ్ఎస్ టేపుల్లో ఉన్నాయి. మళ్లీ చూద్దామని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. మొదట్లో బొమ్మ, మాట బాగానే కలుస్తాయి. పది నిమిషాలకు తేడా తెలుస్తుంది. గంటయ్యేసరికి మాట దాదాపు రెండు సెకన్లు వెనకబడుతుంది. చివరి ఎపిసోడ్‌లో ఒకాయన తలుపు కొట్టి, చెయ్యి దించేసి నిలబడ్డాక అప్పుడు టక్ టక్‌మని వినిపిస్తుంది. ఏడవాల్సిన సీన్‌లో నవ్వొస్తోంది.

పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) టేపు, వీసీఆర్ నుంచి మూడు రంగుల ఏవీ కేబుల్, యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం. 720×576, సెకనుకు 25 ఫ్రేములు, ఆడియో 48 కిలోహెర్ట్జ్. అదే టేపును నేరుగా టీవీకి కలిపితే ఏ తేడా లేదు.

వీసీఆర్ హెడ్ శుభ్రం చేశాను, యూఎస్‌బీ పోర్టు మార్చాను. ఫలితం లేదు. వీఎల్‌సీ ప్లేయర్‌లో ఆడియోను ముందుకు జరిపితే చివర కుదురుతుంది కానీ మొదలు చెడుతుంది. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో ఆడియో నిడివి కాస్త తగ్గించి చూస్తే మొదలూ చివరా కలిశాయి, మధ్యలో మాత్రం కలవలేదు. జాగ్రత్తగా గమనిస్తే తేడా నెమ్మదిగా పెరగట్లేదు. ప్రకటనలు రాకుండా అప్పట్లో టేపు రికార్డింగ్ ఆపి మళ్లీ మొదలుపెట్టిన చోట్ల బొమ్మ వణుకుతుంది కదా, సరిగ్గా అక్కడే ఒక్కసారిగా పెరుగుతోంది. అక్కడ కొన్ని ఫ్రేములు క్యాప్చర్ కాకుండా జారిపోయి, బొమ్మ ముందుకెళ్లిపోతోందని నా అనుమానం.

టైమ్ బేస్ కరెక్టర్ (వణికే వీడియో సిగ్నల్‌ను సరిచేసే పరికరం) కొనమంటున్నారు, అంత ఖరీదు పెట్టలేను. అది లేకుండా, జారిపోయిన ఫ్రేముల చోట ముందు ఫ్రేమునే మళ్లీ నింపుతూ క్యాప్చర్ చేయాలంటే ఏ సాఫ్ట్‌వేర్‌లో ఏ సెట్టింగ్ పెట్టాలి?