రంగు తేలిన వెండి రూపాయికి గ్రేడు పెంచవచ్చునా?

పటమట నుంచి:
మా తాతగారి భోషాణంలో పాత దస్తావేజుల కట్టల మధ్య, కాగితంలో చుట్టి ఉన్న 1919 నాటి అయిదవ జార్జి వెండి రూపాయి ఒకటి దొరికింది. బొరుసు వైపు తామరపువ్వు కింద చిన్న చుక్క ఉన్నది కనుక బొంబాయి టంకశాలది. ఆ వైపు మామూలు బూడిద రంగే ఉన్నది. బొమ్మ వైపు మాత్రం అంచు పొడవునా నెలవంకలాగా నీలం, దానిని ఆనుకొని వంకాయ రంగు, మధ్యకు వచ్చేసరికి తేనె రంగు తేలి ఉన్నాయి. విజయవాడలో జరిగిన ఒక నాణేల ప్రదర్శనలో ఒక వ్యాపారి దీనిని చూసి, ఈ రంగు వల్లనే ఎం.ఎస్. (మింట్ స్టేట్, అంటే అరగని నాణేలకు వేసే గ్రేడు) 63 కావలసినది 64 అవుతుందని చెప్పి, మామూలు రూపాయికి మూడింతల ధర ఇస్తానన్నాడు. గుంటూరు మిత్రుడొకరు మాత్రం వెండి నల్లబడటానికి ఇది మొదటి మెట్టు మాత్రమేనని, దానికి గ్రేడేమిటని అన్నారు. రంగును బట్టి గ్రేడు పెంచడం న్యాయమేనా అని పెద్దలను అడుగుతున్నాను.

బ్రాడీపేట మాస్టారు:
న్యాయం కాదు. నాణెం టంకశాల అచ్చు కింద నుంచి బయటపడిన నాటి నుంచి నేటి దాకా ఎంత అరిగింది, ఎన్ని దెబ్బలు తిన్నది అన్నదే గ్రేడు. జార్జి రూపాయికైతే కిరీటం, చెవి, మీసం, రాజవస్త్రం మీది ఏనుగు చూడాలి. 1911లో తొండం పొట్టిగా పడి పందిలా కనబడుతున్నదని అభ్యంతరం వస్తే 1912లో దిద్దిన ఏనుగే అది. ఇవి ఎంత నిలిచాయో చూసి చెప్పేదానిలో రంగుకు చోటెక్కడ?

ముప్పై ఏళ్ళు రసాయనశాస్త్రం చెప్పినవాడిగా రంగు సంగతి కూడా చెబుతాను. గాలిలోను, కాగితంలోను ఉండే గంధకపు సమ్మేళనాలు వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ పొరగా ఏర్పడతాయి. ఆ పొర వెంట్రుక మందంలో వెయ్యో వంతుకు అటూ ఇటూగా ఉన్నంతకాలం, వాననీటి మీద తేలే నూనె తెట్టులో కనబడినట్లే అందులోనూ రంగులు కనబడతాయి. ముందు లేత పసుపు, తరువాత తేనె రంగు, వంకాయ రంగు, నీలం, మరికొంత దూరం పోతే నలుపు. అంటే మీరు అందమంటున్నది నలుపుకు పోయే దారిలో ఒక మజిలీ మాత్రమే. పైగా ఆ పొరలో ఉన్న వెండి ఆ నాణెం నుంచి పోయిన వెండే.

గవర్నర్‌పేట సేకర్త:
మాస్టారూ, రసాయనం మీరు చెప్పినట్లే. గ్రేడు సంగతి మాత్రం అంత సూటిగా లేదు. ఇవాళ మనం వాడుతున్న 70 అంకెల కొలమానాన్ని 1949లో విలియం షెల్డన్ అమెరికా పాత రాగి సెంట్ల కోసం తయారుచేశారు. 1 గ్రేడు నాణెం ఒక డాలరు చేస్తే 70 గ్రేడు నాణెం డెబ్బై డాలర్లు చేయాలన్నది ఆయన లెక్క. అంటే అది పుట్టుకతోనే ధర కొలమానం. అరుగుదలను మాత్రమే కొలిచే స్వచ్ఛమైన గ్రేడు ఎన్నడూ లేదు. అరగని నాణేలలో 60 నుంచి 70 వరకు తేడా చూపేటప్పుడు దెబ్బలు, మెరుపు, అచ్చు పడిన తీరుతో పాటు కంటికి ఇంపుగా ఉన్నదా అన్నదీ చూస్తారు. నాణేలకు గ్రేడు వేసే అమెరికా సంస్థ ఎన్.జి.సి. వారు ప్రత్యేకమైన అందం ఉన్న నాణేలకు అంకె పక్కన నక్షత్రం గుర్తు వేస్తున్నదీ అందుకే.

ఇక రంగును నేను ఊరికే అలంకారంగా చూడను. అచ్చు దెబ్బకు వెండి మధ్య నుంచి అంచు వైపు పారినప్పుడు కంటికి ఆనని సన్నని గీతలు పడతాయి. దీపం కింద నాణేన్ని తిప్పితే బండి చక్రపు ఆకుల్లా వెలుగు తిరిగేది వాటి వల్లనే. ఒక్కసారి చింతపండు పెట్టి తోమితే ఆ వెలుగు పోతుంది, మళ్ళీ రాదు. రంగు కింద నుంచి ఆ వెలుగు తిరుగుతూ కనబడితే, ఆ నాణేన్ని ఎవరూ తోమలేదనడానికి అదే సాక్ష్యం. మన ఇళ్ళలో పండుగ వస్తే వెండి తోమని చేయి లేదు. అటువంటి చోట తోమకుండా మిగిలిన రూపాయికి ఒక అంకె ఎక్కువ ఇస్తే తప్పేమిటి?

తెనాలి నుంచి:
తులం వెండి తులం వెండే కదా, నల్లగా ఉంటే నేమి, నీలంగా ఉంటే నేమి? మా ఇంట్లో ఉన్నవన్నీ నేను తోమించే ఉంచాను.

గవర్నర్‌పేట సేకర్త:
దయచేసి ఇక మీదట తోమించకండి. 11.66 గ్రాముల తూకం, అందులో పన్నెండింట పదకొండు వంతుల వెండి అన్నది ఆ రూపాయి లోహపు విలువ మాత్రమే.

వన్‌టౌన్ వెండిపని:
మా ఇంట్లో మూడు తరాలుగా వెండిపని చేస్తున్నాము కనుక ఒక మాట చెప్పాలి. ఈ రంగును నేను ఒక్క సాయంత్రంలో తెప్పించగలను. ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొనతో పాటు నాణేన్ని మూత బిగించిన డబ్బాలో పెట్టి, గంటకొకసారి చూస్తూ కావలసిన రంగు దగ్గర తీసేయాలి. గంధకపు మందులైతే నిమిషాలు చాలు. అలా చేసి పెట్టమని నన్ను అడిగినవారు ఉన్నారు, నేను చేయలేదు. గుర్తుపట్టడానికి మాకు తెలిసిన ఆనవాళ్ళు కొన్ని ఉన్నాయి. హడావిడిగా తెప్పించిన రంగు నాణెం మీద పూత పూసినట్లు తేలుతుంది, రాపిడికి పడిన గీతల్లోకి ముదురుగా దిగుతుంది, అక్షరాలను పట్టించుకోకుండా వాటి మీదుగా సాగిపోతుంది. ఏళ్ళ తరబడి నిదానంగా వచ్చిన రంగులో అక్షరాల చుట్టూ, బొమ్మ అంచుల వెంట సన్నగా ఒక లేత నీడ మిగులుతుంది, ఒక రంగు ఇంకొక రంగులోకి గీత లేకుండా జారుతుంది.

బ్రాడీపేట మాస్టారు:
మీరు చెప్పిన ఆనవాళ్ళతో నూటికి నూరు పాళ్ళు తేల్చగలరా? అవును, కాదు అని చెప్పండి చాలు.

వన్‌టౌన్ వెండిపని:
నూటికి నూరు అంటే చెప్పలేను అయ్యా. నిదానంగా, ఓపికగా చేసిన దొంగపని కొన్నిసార్లు మమ్మల్నీ మోసం చేస్తుంది.

బ్రాడీపేట మాస్టారు:
అంతే కదా! గుడ్డు డబ్బాలో వచ్చినా, భోషాణంలో వచ్చినా తయారైనది సిల్వర్ సల్ఫైడే. పదార్థం ఒకటే అయినప్పుడు ఒకదానికి నక్షత్రం వేసి, ఇంకొకదానిని కృత్రిమమని తిప్పిపంపడంలో శాస్త్రం ఎక్కడున్నది?

గవర్నర్‌పేట సేకర్త:
శాస్త్రం పదార్థంలో లేకపోతే కాలంలో ఉన్నది మాస్టారూ. అరవై ఏళ్ళు ఎవరూ ముట్టకుండా ఉండటం వేరు, రెండు గంటల్లో కొనేవాడి కోసం తయారుచేయడం వేరు. మీరు గుడ్డును వదలరు, నేను అడిగిన తోమడం సంగతికి జవాబు చెప్పరు.

గుంటూరు కొత్తపేట నుంచి:
మధ్యలో ఒక సందేహం. నా దగ్గర ఉన్న 1944 రూపాయికి ఇటువంటి రంగు రాలేదు, మురికి పట్టినట్లు గోధుమ రంగులోకి పోయింది. కారణం ఏమై ఉంటుంది?

వన్‌టౌన్ వెండిపని:
1940 నుంచి రూపాయిలో సగమే వెండి. మిగిలినది రాగి, నికెల్, జింకు. రాగి అంత ఎక్కువగా ఉన్నప్పుడు రంగు ఇంత శుభ్రంగా తేలదు.

బ్రాడీపేట మాస్టారు:
నేను గుడ్డును ఎందుకు వదలనో చెబుతాను, వినండి. ఉద్యోగ విరమణ చేసిన ఏడాది, నెమలికంఠం రంగులో మెరుస్తున్న 1907 నాటి ఏడవ ఎడ్వర్డు రూపాయిని ఒక వ్యాపారి దగ్గర, చెప్పడానికి సిగ్గుపడేంత ధర పెట్టి కొన్నాను. రెండేళ్ళ తరువాత, ఆ రంగు మచ్చలు మచ్చలుగా నల్లబడుతుంటే భయపడి, వెండిని తేటపరచే ద్రావణంలో కొన్ని క్షణాలు ముంచాను. రంగు పోయింది. కింద రాజుగారి చెంప నుంచి అంచు దాకా ఒకే దిశలో వందలాది సన్నని గీతలు కనిపించాయి. ఎవరో పీచుతో రుద్ది పాడుచేసిన నాణేన్ని, ఆ గీతలు కనబడకుండా రంగు కప్పి నాకు అమ్మారు. నేను వెళ్ళి అడిగితే, అందంగా ఉన్నదనే కదా మీరు కొన్నారు అన్నాడాయన. రంగుకు అంకె పెంచితే ఆ మాటకు మీరు ముద్ర వేసి ఇచ్చినట్లే. అంకె చూసినవాడు ఇక భూతద్దం తీయడు.

గవర్నర్‌పేట సేకర్త:
మీకు జరిగినది అన్యాయమే, దానిని కాదనను. కానీ నా సంగతి కూడా వినండి. మా అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న నలభై రూపాయలలో రాణి విక్టోరియావి, 1862వి, పద్దెనిమిది ఉండేవి. కొన్నింటి అంచుల మీద ఇప్పుడు పటమటవారు చెప్పిన రంగే నేను చిన్నప్పుడు చూశాను. అమ్మే ముందు శుభ్రంగా ఉంటే మంచి ధర వస్తుందని మా అన్నయ్య వాటన్నింటినీ ముగ్గుపిండితో తోమించి, అద్దంలా మెరిపించి తీసుకుపోయాడు. కొన్నవాడు వాటిని త్రాసులో వేసి, తూకానికి డబ్బు కట్టి, కరిగించే మూసలో పడేశాడు. రంగుకు విలువ లేదు, అది మకిలి అని మీబోటి చదువుకున్నవారు చెప్పిన మాటే మా ఇంటి దాకా వచ్చింది. మీ భయమంతా దొంగరంగు గురించి, నా భయమంతా చింతపండు గురించి. ఇంతసేపూ మనం గ్రేడు గురించి మాట్లాడుకోలేదు మాస్టారూ.

బ్రాడీపేట మాస్టారు:
ఆ మాట నిజమే. కానీ మకిలి అన్నంత మాత్రాన తోమమని నేను ఎన్నడూ చెప్పలేదు. అరుగుదలకు అంకె వేయండి, రంగును పక్కన మాటల్లో రాయండి, ఎక్కడ దొరికినదో తెలిస్తే అదీ రాయండి అంటున్నాను. అంకెలో కలిపేస్తే ఏది ఎంతో ఎవరికీ తెలియదు.

మంగళగిరి నుంచి:
ఒక హెచ్చరిక. 1919 నాణేనికి నూరేళ్ళు దాటాయి కనుక 1972 నాటి పురావస్తువుల చట్టం కింద అది పురావస్తువు. గ్రేడు వేయించడానికైనా సరే, దానిని సొంతంగా విదేశాలకు పంపకూడదు.

పటమట నుంచి:
మాస్టారు చెప్పిన గీతల మాట చదివాక రాత్రి బల్లదీపం పెట్టుకొని భూతద్దంతో మళ్ళీ చూశాను. నాణేన్ని ఏటవాలుగా పట్టుకున్నప్పుడు రాజు ముక్కుకు ఎదురుగా ఉన్న ఖాళీలో, నీలానికి అడుగున, సన్నని గీతలు కనిపించాయి. చక్రపు వెలుగు అంచు దగ్గర అక్షరాల మధ్య తిరుగుతున్నది, నడుమ మాత్రం తెగిపోతున్నది. అక్షరాల చుట్టూ వెండిపని వారు చెప్పిన లేత నీడ కూడా స్పష్టంగా ఉన్నది. ఉదయం మా అమ్మను అడిగితే, నాయనమ్మ ఏటా వరలక్ష్మీ వ్రతానికి ఆ రూపాయిని తోమి కలశం దగ్గర పెట్టేదని, 1971లో ఆవిడ పోయాక తాతగారు దానిని దస్తావేజుల్లో పెట్టి మరి తీయలేదని చెప్పింది. అంటే తోమినదీ నిజమే, ఆ తరువాత యాభై ఏళ్ళకు పైగా ముట్టకుండా రంగు తేలినదీ నిజమే.

వన్‌టౌన్ వెండిపని:
అయితే రంగు అసలుదే, అడుగున దెబ్బ కూడా అసలుదే. దానికి రబ్బరుబ్యాండు వేయకండి, మెత్తని ప్లాస్టిక్ కవర్లో పెట్టకండి. మొదటిదాని నుంచి గంధకం, రెండవదాని నుంచి ఆకుపచ్చ జిగురు వస్తాయి.

గవర్నర్‌పేట సేకర్త:
నేనైతే 64 అనను, 63 కూడా అనను. తోమిన నాణేనికి అంకె ఇవ్వకూడదన్నది నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ రంగు మాత్రం చెదరగొట్టకండి, అమ్మకండి కూడా.

పటమట నుంచి:
అమ్మను. వ్యాపారికి ఆ మాటే చెప్పాను. కవరు మీద ఇలా రాద్దామనుకుంటున్నాను: 1919, బొంబాయి, సహజంగా రంగు తేలినది, 1971కి ముందు పూజ కోసం తోమినది.

బ్రాడీపేట మాస్టారు:
తోమిన మాట ముందు రాయండి. చదివేవాడికి మొదట తెలియవలసినది అది.

గవర్నర్‌పేట సేకర్త:
ముందు అది చదివినవాడు, ఎలాగూ తోమినదే కదా అని ఇంకొకసారి తోముతాడు. రంగు మాటే ముందుండాలి మాస్టారూ.