సమస్య: "చచ్చి కూర్చున్న వాడికే సంబరమ్ము"

పెన్నగట్టు (అడ్మిన్): రాత్రి నిద్రపట్టక గీకిన పాదం, ఎందుకో వదలట్లేదు. పూరించండి. దెయ్యాలు, తద్దినాలు మాత్రం వద్దు.

ఒంగోలు గిత్త:
పద్యనాటక మందున పాత్ర ముగిసె
తెరవెనుక చేరి కర్ణుండు తేరుకొనుచు
మంచి టీ త్రాగె, హాయిగా బీడి కాల్చె
చచ్చి కూర్చున్న వాడికే సంబరమ్ము

కందుకూరు చిన్నోడు: అన్నా, ఊహ బ్రహ్మాండంగా ఉండాది. కానీ మూడో పాదంలో యతి ఎగిరిపోయింది, 'మంచి'కీ 'బీడి'కీ ఎట్టా కుదిరింది? 'వేడి టీ' అంటే యతికి యతి, ప్రాసకి ప్రాస. మొన్న నాకు ఒక్క లఘువు ఎక్కువైందని వారమంతా ఏకావు గదా.

ఒంగోలు గిత్త: సరే, వేడి చేసుకో. ఆ మొన్నటి పూరణలోనే కందుకూరుని ప్రకాశంలో పెట్టినావు, 2022లో నెల్లూరులో కలిపారు గదా అబ్బాయ్.

కందుకూరు చిన్నోడు: అది మా నాయన ఆడిన రోజుల పద్యమన్నా. 1970లో కొత్త జిల్లా చేసినప్పుడు మమ్మల్ని నెల్లూరు నుంచి తీసి అటేశారు, 2022లో మళ్ళీ ఇటేశారు, 2025 చివర్లో తిరిగి అటే తోశారు. ఆయన ఆడింది ప్రకాశం జట్టుకి, ఆ బనియను ఇప్పటికీ బీరువాలో ఉండాది, జిల్లా మారిందని ఆయన జట్టు మారుద్దా?

ఉదయగిరి గాలి: జట్టు మాటొచ్చింది గాబట్టి నాదీ చూడండి.
ఊరు గానట్టి యూరిలో నొంటివాడ
కూత పెట్టితి, పట్టిరి, కూలబడితి
తోటివాడొక్క పాయింటు దోచి తెచ్చె
చచ్చి కూర్చున్న వాడికే సంబరమ్ము
నెల్లూరు హాస్టల్లో చేరిన కొత్తల్లో నన్ను పేరు పెట్టి పిలిచే దిక్కు లేదు, ఒక సాయంత్రం చెడుగుడుకి ఏడో మనిషి తగ్గాడని లాక్కెళ్ళారు, తొలి కూతకే చీలమండ దొరకబట్టేశారు, పోయి గీతవతల కూర్చున్నా. కాసేపటికి మావాడొకడు ఎదుటోణ్ణి అంటి మధ్యగీత మీద బోర్లా పడ్డాడు, నోట్లో మట్టి ఊయకముందే నా వైపు తిరిగి "రారా లోపలికి" అని అరిచాడు. ఆ ఊళ్ళో నన్ను లోపలికి రమ్మన్న మొదటి మనిషి వాడే.

పెన్నగట్టు: ఈ పాదం రాసేటప్పుడు చెడుగుడు నా బుర్రలోనే లేదు సామీ, ఆ ఆటలో మనోడు ఎదుటోణ్ణి అంటి వస్తే, చచ్చినోడు, అంటే అవుటై బయట కూర్చున్నోడు, లేవడం రూలే గదా! శభాష్.

ఒంగోలు గిత్త: ఆగండాగండి. 'పాయింటు' ఎవర్నీ అంటకుండా గీత దాటి తెచ్చిన బోనస్‌దైతే? బోనస్‌కి బయటోడు లేవడు, సంబరమెక్కడిది? 'తోటివాడంటి యొకరిని దుమ్ము రేపె' అను, ఇంగ్లీషు ముక్కా పోద్ది.

ఉదయగిరి గాలి: దోచి తెచ్చె అన్నాను గదన్నా, ఎదుటోడి మీద చెయ్యి పడకుండా దోపిడీ ఏంది? పైగా మేం బరిలో అరిచింది పాయింటనే, దాన్ని తీయను.

కందుకూరు చిన్నోడు: నాకు నచ్చింది ఇంకోటి. ముందు అవుటైనోడే ముందు లేవాల, ఆటగాడు కొత్తోడా పాతోడా అని చూడరు. మొదటిరోజు వచ్చినోడికి కూడా వరసలో చోటుంటది.

ఒంగోలు గిత్త: రెండో పాదానికి మాత్రం దండం పెడతా, రైడు మొత్తం ఒక్క పాదంలో తెచ్చినాడు. చిన్నోడా, నీ పూరణేది? పొద్దుట్నించీ అందరి యతులూ లెక్కపెడుతుండావు.