1/4 స్కేల్ గిల్‌మ్యాన్ బస్ట్: స్క్రీన్ మీద అదిరింది, 3D ప్రింట్‌లో పొలుసులన్నీ మాయం, ఎక్కడ సరిచేయాలి?

వైజాగ్_స్కల్ప్టర్

అందరికీ నమస్తే. నేను గేమ్స్‌కి క్యారెక్టర్లు చేస్తా, రోజంతా పని స్క్రీన్ కోసమే, చేత్తో పట్టుకునే బొమ్మ కోసం స్కల్ప్ట్ చేయడం మాత్రం ఇదే మొదలు. 1954లో యూనివర్సల్ వాళ్ళ 'క్రియేచర్ ఫ్రమ్ ద బ్లాక్ లగూన్'లో వస్తాడు కదా గిల్‌మ్యాన్, ఆ చేప మనిషి, చిన్నప్పటి నుంచి నాకు వాడంటే పిచ్చి. వాడి బస్ట్ 1/4 స్కేల్‌లో చేస్తున్నా, తల నుంచి ఛాతీ పైభాగం దాకా.

జీబ్రష్ అనే 3D స్కల్ప్టింగ్ సాఫ్ట్‌వేర్‌లో డైనామెష్‌తో షేప్ తెచ్చుకుని, జీరీమెషర్‌తో మెష్ సరిచేసి, సబ్‌డివిజన్లు పెంచుకుంటూ పొలుసులు, చర్మం మీద గరుకు అంతా ఆల్ఫాలతో, అంటే స్టాంపుల్లాంటి నమూనా బొమ్మలతో వేశా. స్క్రీన్ మీద చూస్తే తడి తడిగా నిజంగా నీళ్ళలోంచి లేచినట్టే ఉంది. రెజిన్ 3D ప్రింటర్‌లో ప్రింట్ తీసి, రంగుకి ముందు వేసే గ్రే ప్రైమర్ కొట్టేసరికి మొత్తం నున్నగా అయిపోయింది, పొలుసులు ఉన్నాయా లేవా అన్నట్టు, మొహం కూడా సబ్బు అరిగినట్టు మెత్తగా ఉంది. ప్రింటర్ పిక్సెల్ 0.05 మిల్లీమీటర్లు, ప్రింట్ పొర మందం కూడా అంతే. ఇంకా మంచి ప్రింటర్ కొనాలా, లేక స్కల్ప్ట్‌లోనే తేడా ఉందా? తలని ఛాతీని ఎక్కడ కట్ చేయాలి అనేది కూడా చెప్పండి. ఇంకోటి, బాగా వస్తే పది పీసులు పోత పోసి అమ్ముదామని ఉంది, అలా అమ్మొచ్చా?

మట్టిచేతులు

తమ్ముడూ, ప్రింటర్ జోలికి పోకు, డబ్బులు దండగ. తేడా స్కల్ప్ట్‌లోనే ఉంది, లెక్క వేసి చూపిస్తా.

సినిమాలో గిల్‌మ్యాన్ మాస్క్ నిజం సైజులో 28 సెంటీమీటర్లు అనుకో, 1/4 అంటే తల 7 సెంటీమీటర్లు. నిజం మాస్క్ మీద రెండు పొలుసుల మధ్య గాడి అర మిల్లీమీటర్ ఉంటే నీ బొమ్మ మీద అది 0.12 అవుతుంది, అంటే నీ ప్రింటర్‌కి రెండు పిక్సెళ్ళు, దాని మీద ప్రైమర్, దాని మీద రంగు, ఆ పైన వార్నిష్, ఇంక ఏం మిగులుతుంది చెప్పు. నువ్వు కొలత ప్రకారం కరెక్ట్‌గానే చేశావు, కానీ బొమ్మకి కొలత ప్రకారం చేస్తే సరిపోదు. పొలుసుల సంఖ్య తగ్గించి, ఒక్కోదాన్ని పెద్దది చేసి, మధ్య గాడి రెట్టింపు లోతు తియ్యాలి. స్క్రీన్ మీద చూస్తే అబ్బే ఎక్కువైందే అనిపించాలి, అప్పుడే చేతిలో సరిగ్గా కనిపిస్తుంది.

మా ఇంట్లో మూడు తరాల నుంచి విగ్రహాల పని, తెనాలి. మా నాన్న మట్టి మోడల్ చేసేటప్పుడు కనురెప్ప అంచు కింద సన్నటి కత్తితో లోపలికి కోసేవాడు, నిజం మనిషికి అంత లోతు ఉండదు. ఎందుకంటే విగ్రహానికి కనుపాప నలుపు ఉండదు, నీడే కన్ను. రెప్ప కింద నీడ పడితేనే ఆ మొహం నిన్ను చూస్తున్నట్టు ఉంటుంది. నీ గిల్‌మ్యాన్‌కి కూడా అదే చెయ్యి. పై రెప్ప అంచుని పల్చగా, ముందుకి తోసి, దాని కింద లోపలికి కోసినట్టు అండర్‌కట్ ఇవ్వు. పెదవుల గీత కూడా అంతే, ఆ లావు పెదవులే వాడి మొహానికి ప్రాణం, రెండూ కలిసే చోట గాడి కాదు, లోయ తియ్యి. మొప్పలు పొరలు పొరలుగా ఉంటాయి కాబట్టి ఒక్కో పొర కిందా నల్లటి నీడ కనపడాలి, ఇప్పుడు నువ్వు చేసినవి చెంపకి అతికించిన స్టిక్కర్లలా ఉండి ఉంటాయి, ఫోటో పెట్టకపోయినా ప్రైమర్ కొట్టాక నున్నగా అయిందంటేనే తెలుస్తోంది.

ఇంకో పని చెయ్యి, ఆల్ఫాలన్నీ వేరే లేయర్‌లో వేసుంటే ఆ లేయర్ ఆపేసి, మ్యాట్ గ్రే మెటీరియల్ పెట్టి, పైనుంచి ఒక్క లైట్ వేసి చూడు. మెరిసే మెటీరియల్ మోసం చేస్తుంది, లేని లోతు కూడా ఉన్నట్టు చూపిస్తుంది. గ్రే లో మొహం చప్పగా ఉంటే పొలుసులు ఎన్ని వేసినా చప్పగానే ఉంటుంది. ముందు పుర్రె, కంటి గుంటలు, దవడ, మెడ ఇవి దూరం నుంచి గుర్తుపట్టేలా రావాలి.

వైజాగ్_స్కల్ప్టర్

అన్నా చాలా థ్యాంక్స్, లేయర్ ఆపేసి చూశా, మీరన్నట్టే కళ్ళ దగ్గర అసలు ఏమీ లేదు. ఒక డౌట్, ఎంత లోతు అంటే సరిపోతుంది అనేది ప్రతిసారీ మొత్తం ప్రింట్ తీసి చూడాల్సిందేనా? రెజిన్ చాలా ఖర్చవుతోంది.

రెజిన్_రమ్య

అక్కర్లేదు అండి. రెండు సెంటీమీటర్ల చదరం ముక్క ఒకటి చేసుకోండి, కొంచెం వంపు ఉండేలా, చెంపలాగా. దాని మీద వరసగా 0.1, 0.2, 0.3, 0.4 మిల్లీమీటర్ల లోతు గాడులు, అవే కొలతల్లో పొలుసులు, చర్మపు గుంటలు వేసి ప్రింట్ తీయండి. కడిగి, యూవీ లైట్‌లో పెట్టి గట్టిపరిచి (క్యూర్ చేసి), మీరు వాడే ప్రైమరే కొట్టి, ఒక కోటు రంగు వేసి, ముదురు వాష్, అంటే గాడుల్లో నిలిచే పల్చటి రంగు, పారించి చూడండి. వాష్ ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి పైన ఉన్నవే మీకు పనికొచ్చే లోతులు. ప్రింటర్, రెజిన్, ప్రైమర్ ఏది మారినా మళ్ళీ ఆ ముక్క తీయాలి, చాలా తక్కువ రెజిన్‌తో అయిపోతుంది. దీనికి జీబ్రష్‌లో సైజు నిజం మిల్లీమీటర్లలో ఉండాలి, అందులోని స్కేల్ మాస్టర్‌తో మొదట్లోనే సెట్ చేసుకోండి, చివర్లో స్లైసర్‌లో (మోడల్‌ని ప్రింట్ పొరలుగా కోసే సాఫ్ట్‌వేర్) సాగదీస్తే ఈ లెక్కలన్నీ పోతాయి. నేనైతే స్కేలు తీసుకుని మానిటర్ మీద పెట్టి, తల సరిగ్గా 7 సెంటీమీటర్లు కనిపించేలా జూమ్ తగ్గించి చూస్తుంటా, ఆ సైజులో కనపడని డీటెయిల్ మీద గంటలు గడపడం అనవసరం.

కట్ ఎక్కడ అన్నారు కదా, మొప్పల చివరి పొర కింద కట్ చేయండి, పొర మీదికి వచ్చి అతుకు దాక్కుంటుంది. మెడ మధ్యలో అడ్డంగా కోస్తే పుట్టీ పెట్టి సానపట్టేటప్పుడు అక్కడి పొలుసులన్నీ పోతాయి. రెండు ముక్కలూ ఒకదాంట్లో ఒకటి కూర్చోడానికి పెట్టే కీ గుండ్రంగా వద్దు, తల తిరిగిపోతుంది, ఒక వైపు వెడల్పు ఒక వైపు సన్నం ఉన్న దిమ్మ పెట్టండి, చుట్టూ 0.15 నుంచి 0.2 మిల్లీమీటర్ల ఖాళీ వదలండి. లోపల బోలుగా చేస్తే గోడ రెండున్నర మూడు మిల్లీమీటర్లు ఉంచి, అతుకు లోపల పడేలా రెండు రంధ్రాలు పెట్టండి, ఒకటే పెడితే లోపలి రెజిన్ సరిగ్గా బయటికి రాదు. ఇది తేలిగ్గా తీసుకోవద్దు, లోపల పచ్చి రెజిన్ ఉండిపోతే కొన్నాళ్ళకి గోడ పగిలి కారుతుంది, రంగు వేసిన బొమ్మ అయినా సరే. ప్రింట్ చేసేటప్పుడు తలని కొంచెం వెనక్కి వాల్చి, సపోర్టులన్నీ వెనక వైపూ అడుగునా పడేలా చూసుకోండి, మొహం మీద ఒక్క సపోర్టు కూడా ఉండకూడదు. ఫైల్ బరువైతే డెసిమేషన్ మాస్టర్‌తో తగ్గించండి, గాడుల అంచులు అలాగే ఉన్నాయా లేదా దగ్గరగా చూసుకుని ప్రింట్‌కి పంపే ఎస్టీఎల్ ఫైల్ తీయండి.

పోత సంగతి: అచ్చుకి ప్లాటినం సిలికాన్ వాడేట్టయితే జాగ్రత్త. ప్రింటర్ రెజిన్ పూర్తిగా క్యూర్ కాకపోతే సిలికాన్ గట్టిపడదు, మాస్టర్ (అచ్చు తీసే అసలు ప్రింట్) మీద జిగురు జిగురుగా ఉండిపోతుంది, మాస్టరూ పోతుంది అచ్చూ పోతుంది. బాగా క్యూర్ చేసి పైన క్లియర్ లాకర్ కోటు వేయండి, లేదా టిన్ సిలికాన్ తీసుకోండి, దానికి ఈ గొడవ తక్కువ. ఏదైనా ముందు ఒక చిన్న ముక్క మీద పోసి చూడండి.

మట్టిచేతులు

రమ్య గారు చెప్పింది కరెక్ట్. అచ్చు అనుకుంటే మాత్రం నేను చెప్పిన లోతులకి ఒక హద్దు ఉంది తమ్ముడూ. మొప్పల పొరలు మరీ లోపలికి వంగితే సిలికాన్ తీసేటప్పుడు చిరుగుతుంది, పది పీసులు రాకముందే అచ్చు అయిపోతుంది. రెండు వైపులా మొప్పల్ని విడి ముక్కలుగా చేసి తర్వాత అతికించు. ఒక్క పీసే తీసుకుంటే ఈ బెంగ లేదు, ఎంత లోతైనా పో.

పాతసినిమాల_పిచ్చి

స్కల్ప్టింగ్ నాకు రాదు, ఇలాంటి బస్ట్‌లు కొని దాచుకునే మనిషిని, కొనేవాళ్ళు ఏం చూస్తారో చెప్తా. రిఫరెన్స్ ఫోటోలు ఎక్కడివి తీసుకున్నారు? ఎందుకంటే ఆ సినిమాలో గిల్‌మ్యాన్‌ని ఇద్దరు చేశారు, నేల మీద బెన్ చాప్‌మన్, నీళ్ళలో రికూ బ్రౌనింగ్. నీటి సీన్లు ఫ్లోరిడాలో వకుల్లా స్ప్రింగ్స్‌లో తీశారు, మిగతాది కాలిఫోర్నియాలో. ఇద్దరికీ వేరే వేరే సూట్లు, ఇద్దరి ఒళ్ళూ వేరు. ఒక ఫోటో అక్కడిది ఒక ఫోటో ఇక్కడిది చూసి కలిపి చేస్తే మొహం ఇద్దరిలో ఎవరిదీ కాకుండా పోతుంది, తెలిసినవాళ్ళు చూడగానే పట్టేస్తారు. ఒకదాన్ని ఎంచుకుని చివరిదాకా దాని ఫోటోలే వాడండి. ఒక్కో ఫోటో ఏ లెన్స్‌తో తీశారో అంచనా వేసి జీబ్రష్‌లో పర్‌స్పెక్టివ్ దానికి దగ్గరగా పెట్టుకుంటే పోలిక ఇంకా బాగా వస్తుందని నాకు తెలిసిన ఆర్టిస్టులు అంటుంటారు.

ఇంకో నిర్ణయం కూడా ముందే తీసుకోండి, మీరు చెక్కేది సూటునా, జీవినా? సూట్ రబ్బరుతో చేసింది, మెడ తిప్పితే రబ్బరు మడత పడుతుంది, కండరం మడత వేరేగా ఉంటుంది. కొందరు ఆ రబ్బరు మడతలతో సహా సినిమాలో కనిపించింది కనిపించినట్టు కావాలంటారు, కొందరు నిజంగా అమెజాన్‌లో అలాంటి జంతువు ఉంటే ఎలా ఉంటుందో అలా కావాలంటారు. నా వరకు సూటే. ఆ డిజైన్ మిలిసెంట్ పాట్రిక్ అనే ఆవిడది, తలని స్కల్ప్ట్ చేసింది క్రిస్ ముల్లర్, పేరు మాత్రం చాలా ఏళ్ళు మేకప్ డిపార్ట్‌మెంట్ హెడ్ బడ్ వెస్ట్‌మోర్‌కే పోయింది. అంత పని చేసినవాళ్ళ చేతి గుర్తులు ఆ మడతల్లో ఉన్నాయి, వాటిని సరిచేసేసి నున్నగా అందంగా చేస్తే నాకు బాధేస్తుంది. బస్ట్ కింద ప్లేట్ మీద ఆవిడ పేరు వేయండి, ప్లీజ్.

హైటెక్_లాయరమ్మ

అమ్మడం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తున్నా. ఇంట్లో పెట్టుకోవడానికి ఒకటి చేసుకోవడం, పోర్ట్‌ఫోలియోలో ఫోటో పెట్టడం ఒక సంగతి, పది పీసులు పోత పోసి అమ్మడం వేరే సంగతి. గిల్‌మ్యాన్ యూనివర్సల్ వాళ్ళది, లైసెన్స్ లేకుండా అమ్మకూడదు, పదైనా ఒకటైనా. ఫ్యాన్ ఆర్ట్ అని రాసినంత మాత్రాన సరిపోదు. పాత కథే కదా అనుకుంటే కూడా పప్పులో కాలేసినట్టే. ఫ్రాంకెన్‌స్టైన్ నవల 1818ది, ఆ జీవిని మీ ఊహతో ఎవరైనా చేసుకోవచ్చు, కానీ 1931 సినిమాలో మేకప్ ఆర్టిస్ట్ జాక్ పియర్స్ చేసిన మొహం, ఆ చదునైన నెత్తి, మెడ పక్కన ఎలక్ట్రోడ్లు, అది స్టూడియో వాళ్ళది. కథ వేరు, మొహం వేరు, మీరు చెక్కేది మొహం.

జపాన్‌లో దీనికి ఒక మంచి దారి ఉంది, వండర్ ఫెస్టివల్ అనే బొమ్మల మేళాలో ఆ ఒక్క రోజుకి మాత్రమే చెల్లే లైసెన్స్ ఇప్పిస్తారు, చిన్న చిన్న ఆర్టిస్టులు కూడా తమ కిట్లు చట్టబద్ధంగా అమ్ముకుంటారు, హక్కుదారు ఒప్పుకున్న క్యారెక్టర్లకే అనుకోండి. మన దగ్గర అలాంటిది వస్తే ఎంతమందికి పని దొరుకుతుందో. అప్పటిదాకా అమ్మాలనుకునే బొమ్మ మీ సొంత డిజైన్ చేయండి. మన గుళ్ళ మీద యాళిలు, ఆ సింహం లాంటి వింత జంతువులు చూడండి, రామప్ప గుడి బయట ఏనుగూ సింహం కలిసిన గజకేసరి చూడండి, వందల ఏళ్ళ నాటి ఊహ అది, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

వైజాగ్_స్కల్ప్టర్

అమ్మడం ఆపేశా మేడమ్, గిల్‌మ్యాన్ నా టేబుల్‌కే. గజకేసరి ఐడియా రాసి పెట్టుకున్నా. సూటే చేస్తున్నా, చాప్‌మన్‌ది, నేల మీది ఫోటోలు మాత్రమే ఉంచి మిగతావి ఫోల్డర్‌లోంచి తీసేశా. ప్లేట్ మీద మిలిసెంట్ పాట్రిక్ పేరు కచ్చితంగా వేస్తా.

రమ్య గారు చెప్పిన ముక్క నిన్న ప్రింట్ తీశా. ప్రైమర్, రంగు, వాష్ అయ్యాక 0.1 పూర్తిగా పోయింది, 0.2 పక్క నుంచి లైట్ పడితేనే తెలుస్తోంది, 0.3 లో వాష్ నిలబడింది. అయితే పొలుసులన్నీ 0.3 పెట్టేయనా?

మట్టిచేతులు

అన్నీ ఒకే లోతు పెట్టకు, యంత్రం గుద్దినట్టు ఉంటుంది. చెంప మీద 0.3, మెడ పక్కల 0.4, రొమ్ము మీద పెద్ద పొలుసులకి ఇంకా ఎక్కువ. నుదురు మీద కొంత చోటు ఖాళీగా వదిలెయ్యి, చూపు ఆగడానికి. సిమెట్రీ ఇప్పుడు ఆపేసి ఎడమ పక్క మొప్పలు కొంచెం తెరిచి, కుడి పక్కవి మూసి చెయ్యి. రెప్పలూ పెదవులూ అయ్యాక పొలుసులు వేయకముందే గ్రే లో ఒక ఫోటో ఇక్కడ పెట్టు, చూసి చెప్తా.