చర్చ: టి.ఎం. కృష్ణ పుస్తకాల్లో ముందు ఏది చదవాలి?

కావేరి_గోదావరి:
అందరికీ నమస్కారం. నాకు పాట వినడమే గానీ శాస్త్రం రాదు. 2024లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ కర్ణాటక సంగీత గాయకుడు టి.ఎం. కృష్ణకు సంగీత కళానిధి పురస్కారం ప్రకటించినప్పుడు జరిగిన గొడవ చూశాక, అసలు ఈయన ఏం రాశారో చదవాలనిపించింది. ‘ఎ సదరన్ మ్యూజిక్’ తెప్పించుకున్నాను. లావు పుస్తకం. రాగం, తాళం వివరణల దగ్గర ఆగిపోయి రెండు నెలలైంది. కులం, రాజకీయం గురించి రాసిన చోటికి ఇంకా చేరనే లేదు. మీరంతా ఎలా చదివారు?

తోపి_రవ్వ:
దాన్ని కాసేపు పక్కన పెట్టి ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ పట్టుకోండి. 2020లో వచ్చింది. మృదంగాలు తయారుచేసేవాళ్ల చరిత్ర.

నేను పద్నాలుగేళ్లు మృదంగం నేర్చుకున్నాను. మా గురువుగారింటికి నెలకోసారి మృదంగాలు బాగుచేసే పెద్దాయన వచ్చేవాడు. వరండాలోనే కూర్చునేవాడు. మృదంగాన్ని పాదాలతో అదిమిపట్టి తోలు వారును లాగేవాడు. కుడివైపు నల్లటి మచ్చ ఉంటుంది కదా, రాతిపొడీ అన్నమూ కలిపి నూరిన ముద్దను దాని మీద బొటనవేలితో పూసి గుండ్రాయితో రుద్దేవాడు. ఒక పూత, రుద్దడం, మళ్లీ పూత. మధ్యమధ్యలో వేలితో కొట్టి, తల పక్కకి వంచి వినేవాడు. శ్రుతిపెట్టె అడిగేవాడు కాదు. లోపల్నుంచి గురువుగారు ‘ఇంకొంచెం’ అంటే ‘చాలండి, ఆరితే అదే వస్తుంది’ అనేవాడు. వచ్చేది కూడా. అన్నేళ్లలో ఆయన పేరు నేనొక్కసారీ అడగలేదు.

కృష్ణ ఆ పేర్లు అడిగి రాశారు. మృదంగ విద్వాంసుడు పాలఘాట్ మణి అయ్యర్ నాదం గురించి అందరం మాట్లాడతాం, ఆయన మృదంగాలు చేసిన పర్లాందు గురించి ఎంతమందికి తెలుసు? మృదంగానికి ఆవు, మేక, గేదె మూడు చర్మాలూ కావాలి. ఆ పని చేసేవాళ్లలో చాలామంది దళిత క్రైస్తవులు. పుస్తకం కబేళా దాకా తీసుకెళ్తుంది, మొహం తిప్పుకోదు. ఆవిష్కరణ సభకు ఇచ్చిన హాలును చెన్నైలోని కళాక్షేత్ర కళాసంస్థ ఆఖరి రోజుల్లో వెనక్కి తీసుకుంటే, చెన్నైలోనే ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజంలో జరిపారు.

బందరు_వీణ:
ఆ పుస్తకం నన్నూ కదిలించింది. కానీ ‘ఎ సదరన్ మ్యూజిక్’తో నాకో పేచీ ఉంది. సాహిత్యం రాగతాళాల్లో కలిసిపోయాక మాటల అర్థం ప్రధానం కాదంటారు ఆయన. తెలుగువాళ్లం అదెలా ఒప్పుకుంటాం? పరభాషవాళ్లు త్యాగయ్య మాటల్ని విరిచి పాడుతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. ఈ వాదన అలాంటి పాటకి వత్తాసు అవుతుందని నా భయం.

హంసనాదం77:
బందరు_వీణ గారూ, నేనూ మొదట అలాగే కోప్పడ్డాను. తర్వాత త్యాగయ్య కీర్తన ‘బంటురీతి’ సాధన చేస్తుంటే ఒకటి తట్టింది. నాకు నేర్పిన పాఠంలో ‘బంటురీతి కొలు’ దగ్గర ఒక ఆగు, ‘వీయవయ్య రామ’ అని మళ్లీ ఎత్తుకోవడం. కొలువు అనే మాటే రెండు ముక్కలైంది! నాకు నేర్పినావిడ తెలుగు పండితురాలు, ఆవిడా అలాగే పాడేవారు. అలా పాడితేనే ఆ కీర్తన రాగం, హంసనాదం, నిలబడుతుంది. ఉచ్చారణ పాడుచేయడం వేరు, స్వరం అడిగిన చోట మాట ఒదగడం వేరు. పుస్తకం చెప్పేది రెండోదని నాకు అర్థమైంది. అన్నట్టు, కృష్ణ మొదటి గురువు భాగవతుల సీతారామ శర్మ గారు. తెలుగు సంగతి తెలియని మనిషేం కాదు.

ఒంగోలు_శ్రోత:
భాష మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చూడండి. 1940ల్లో తమిళ ఇసై (అంటే తమిళ సంగీత) ఉద్యమం నడిచింది. మద్రాసు కచేరీల్లో తెలుగు, సంస్కృత కీర్తనలదే పెద్దపీట, తమిళ పాట చివర్లో తుక్కడా, అంటే చిన్న తేలిక పాట. మా ఊళ్లో మా పాట ఎందుకు పాడరని వాళ్లు అడిగారు. అణ్ణామలై చెట్టియార్ అండతో 1943లో తమిళ ఇసై సంఘం పెట్టుకున్నారు. ఇందులో మనవైపు పాటే బలవంతుల పాట. ఇది తెలిశాక మన ‘తెలుగు గొప్ప’ మాటలు కాస్త జాగ్రత్తగా వాడుతున్నాను.

ఇంకోటి. నాగస్వరం కచేరీ వేదిక అంచుకు ఎలా జరిగిపోయిందో ‘ఎ సదరన్ మ్యూజిక్’లో చదువుతుంటే నాకు నాగస్వర విద్వాంసుడు షేక్ చిన మౌలానా గారే గుర్తొచ్చారు. మా కరవది మనిషి. శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1998లో సంగీత కళానిధి ఇచ్చారు, మరుసటేడే పోయారు. మా చిన్నప్పుడు పెళ్లి పందిట్లో నాగస్వరం మోగుతుంటే పెద్దవాళ్లు కబుర్లు చెప్పుకుంటూనే ఉండేవారు. గాత్రానికైతే అలా చేస్తారా?

నాగరత్నం_అభిమాని:
గాయని, దేవదాసి బెంగళూరు నాగరత్నమ్మ గారిని మర్చిపోవద్దు. ముద్దుపళని అనే కవయిత్రి కావ్యం ‘రాధికా సాంత్వనం’ 1910లో అచ్చువేయించారు. నిషేధం ఎదుర్కొన్నారు. తిరువయ్యారులో త్యాగయ్య సమాధికి గుడి కట్టించారు. ఆ ఆరాధనలోనే ఆడవాళ్లను పాడనివ్వకపోతే వేరే బృందం కట్టి పాడించారు. కృష్ణ వేస్తున్న ప్రశ్నల్లో కొన్ని ఆవిడ ఎప్పుడో వేశారు.

2016లో కృష్ణతో పాటు మెగసెసె పురస్కారం అందుకున్నవారిలో, చేతులతో మలం ఎత్తే పనిని రూపుమాపాలని పోరాడే బెజవాడ విల్సన్ కూడా ఉన్నారు. ఆ ఏడాది పత్రికలో రెండు ఫోటోలూ పక్కపక్కన చూసి నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

కావేరి_గోదావరి:
అందరికీ కృతజ్ఞతలు. లావు పుస్తకాన్ని మధ్య భాగం నుంచి తెరిచాను. స్త్రీలు, కులం, భాష గురించిన వ్యాసాలన్నీ అక్కడే ఉన్నాయి. ఇప్పుడు టెన్షన్ లేదు, రోజుకో వ్యాసం అవుతోంది. తోపి_రవ్వ గారూ, ఆ పెద్దాయన ఇప్పుడు ఎక్కడున్నారు?

తోపి_రవ్వ:
మీరు అడిగాక గురువుగారబ్బాయికి ఫోన్ చేశాను. పెద్దాయన ఉన్నారట, చూపు తగ్గింది. కొడుకు ఈ పనిలోకి రాలేదు, ఆటో నడుపుతున్నాడు. పేరు తెలిసింది, ఆయన్ని అడక్కుండా ఇక్కడ రాయను. నా మృదంగం ఎడమవైపు వదులైంది. ఆదివారం ఆటోలో వేసుకుని వాళ్లింటికే వెళ్తున్నాను.